చెరసాలకు మారుగా: చెన్నపురి బాలరక్షణ చరిత్ర

నేరము చేసిన బాలుని దండింపవలెనా, దిద్దవలెనా యను ప్రశ్న చెన్నపురికి క్రొత్తది కాదు. 1856లో దక్షిణదేశపు తొలి రైలు రాయపురమునుండి బయలుదేరినది. రేవును, రైలును కూలిజనమును ఉత్తర చెన్నపురికి రప్పించినవి. వారి బిడ్డలలో బడి యెరుగనివారు పెక్కురు.

1876లో సంస్కరణ పాఠశాలల చట్టమును, 1887లో చెంగల్పట్టున అట్టి పాఠశాలయు వెలసినవి. అదియు నొక నిర్బంధమే. 1920లో చెన్నరాష్ట్రము బాలల చట్టమును చేసెను. దేశమున ఇట్టి చట్టములలో నిది మొదటిది. వంగరాష్ట్రము 1922లో, బొంబాయి 1924లో దీని ననుసరించినవి. పదునాలుగేండ్ల లోపు బిడ్డకు కారాగారశిక్ష విధింపరాదని యిది శాసించెను.

ఆ యేటనే సెప్టెంబరులో, పిట్టి త్యాగరాయ సెట్టిగారు అధ్యక్షులుగా నున్న చెన్నపురి కార్పొరేషన్ థౌజండ్ లైట్సు బడిలోని పిల్లలకు ఫలహారము పెట్ట నిశ్చయించెను. ఖర్చు బిడ్డకు దినమునకు ఒక అణా మించరాదని నియమము. పిమ్మట మరి నాలుగు బడులకు ఈ యేర్పాటు వ్యాపించెను. 1922-23లో 811గా నున్న విద్యార్థుల సంఖ్య 1924-25 నాటికి 1,671 ఆయెను. అయినను విద్యానిధినుండి యీ వ్యయమును ప్రభుత్వ మంగీకరింపనందున 1925లో అది నిలిచిపోయెను.

చట్టము తప్పు జరిగిన పిమ్మట బిడ్డను చెరనుండి తప్పించెను. ఫలహారము తప్పునకు మునుపే వానిని బడిలో నిలిపెను. మొదటిదానికి శాసనము చాలును. రెండవదానికి ఏటేట ధనము కావలెను. కనుకనే రెండవది ముందుగా ఆగినది. కామరాజు నాడార్ గారి కాలమున 1956లో మధ్యాహ్న భోజనముగా అది మరల జీవించెను.

2000 నాటి బాలన్యాయ చట్టము రక్షణ గోరు బిడ్డను, నేరారోపణ పొందిన బిడ్డను వేరుపరచినది. రాయపురమున ప్రభుత్వ బాలుర గృహము మొదటి తరగతివారికి ఆశ్రయము. 2015 చట్టము గృహములందుంచుటను కడపటి యుపాయముగా నెంచినది. కాని ఘోరనేరములలో 16 నిండినవారిని పెద్దలవలె విచారించుటకును దారి తీసినది.

2022లో చెన్నై పోలీసుశాఖ ‘సిర్పి’ పథకము నారంభించెను. 100 బడులు, 5,000 మంది విద్యార్థులు, 4.25 కోట్ల రూపాయలు: అనగా బిడ్డకు 8,500 రూపాయలు. ఇట్టి వ్యయము ఏటేట నిలుచునా యనునదే ముఖ్యము. 1925లో అణాకు పట్టిన గతి దీనికి పట్టకుండ చూచుట రాయపురపు తెలుగు సంఘములకును కర్తవ్యము. ఒక సాయంకాలపు బడి, ఒక వ్యాయామశాల నడుపుట మన శక్తికి మించినది కాదు.