మారినదా, మార్చినదా: నల్లగొండ, పాలమూరు ప్రాంతాల్లో వాతావరణ విధాన చర్చ

‘వాతావరణ మార్పు’ అనేది నేడు తెలుగు పత్రికల్లో, పాఠ్యపుస్తకాల్లో, ప్రభుత్వ పత్రాల్లో స్థిరపడిన పారిభాషిక పదం. మారు అకర్మక క్రియ, మార్చు సకర్మక క్రియ. ‘వాతావరణం మారింది’ అన్నప్పుడు కర్త వాతావరణమే. ‘వాతావరణాన్ని మార్చారు’ అన్నప్పుడు ఎవరు మార్చారన్న ప్రశ్న వెంటనే పుడుతుంది. ‘మార్పు’ అనే నామరూపంలో ఈ రెండర్థాలూ కలిసిపోవడం వల్ల ఆ ప్రశ్న మరుగున పడుతుంది. అంతర్జాతీయ వాతావరణ రాజకీయాల్లో మూడు దశాబ్దాలకు పైగా సాగుతున్న వివాదం ప్రధానంగా ఈ కర్తృత్వం గురించినదే. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో నీటి కోసం, అడవి కోసం, కరెంటు కోసం నడిచిన ప్రజాచర్చలోనూ అదే ప్రశ్న వేరే మాటల్లో వినిపించింది. ఈ రెండు చర్చలు ఎక్కడ కలిశాయో, ఎక్కడ కలవకుండా పోయాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. 2016 అక్టోబరులో ఈ జిల్లాలు పునర్వ్యవస్థీకరణకు లోనైనా, ఇక్కడ వాటి పేర్లను పాత హద్దుల అర్థంలోనే వాడడం జరిగింది.

అంతర్జాతీయ వేదికపై భారతదేశ వాదం

1991లో అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ ప్రచురించిన చిన్న పుస్తకం భారతీయ వాతావరణ వాదానికి పునాది వేసింది. పేదల బతుకుతెరువు వల్ల వెలువడే ఉద్గారాలనూ, సంపన్నుల విలాసం వల్ల వెలువడే ఉద్గారాలనూ ఒకే గాటన కట్టడం అన్యాయమని వారు వాదించారు. 1992లో రియో డి జనీరోలో దేశాలు సంతకాలు చేసిన వాతావరణ ఒడంబడిక ‘ఉమ్మడివే అయినా భిన్నస్థాయి బాధ్యతలు’ అనే సూత్రాన్ని ఆమోదించింది. 1997 నాటి క్యోటో ఒప్పందం ఆ సూత్రం మీదనే నిలబడింది. భారతదేశ తలసరి ఉద్గారాలు అభివృద్ధి చెందిన దేశాల తలసరి ఉద్గారాలను ఎన్నడూ మించబోవని 2007లో ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రకటించారు. 2008 జూన్ 30న విడుదలైన జాతీయ కార్యాచరణ ప్రణాళిక కూడా అదే దృక్పథంతో ఎనిమిది మిషన్లను ప్రతిపాదించింది.

ఈ వాదంలో న్యాయం ఉంది. అయితే తలసరి లెక్క దేశాన్ని ఒకే వ్యక్తిగా చూస్తుంది. హైదరాబాదులో శీతల యంత్రాల మధ్య గడిపే కుటుంబమూ, కొడంగల్ నుంచి ముంబయికి వలస వెళ్ళే కూలీ కుటుంబమూ ఆ సగటులో సమానమవుతాయి. దేశాల మధ్య వర్తించే భిన్నస్థాయి బాధ్యత దేశం లోపల, రాష్ట్రం లోపల కూడా వర్తిస్తుందా అన్న ప్రశ్నకు అంతర్జాతీయ చర్చలో చోటు దక్కలేదు. దానికి సమాధానం వెతకడానికి తగిన నేల దక్షిణ తెలంగాణ.

కరువు అనే ఆరోపణ

మహబూబ్‌నగర్ జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 600 మిల్లీమీటర్లు. కింద గట్టి గ్రానైటు రాయి, పైన పలుచని ఎర్రమట్టి, వాగుల మీద గొలుసుకట్టు చెరువులు ఈ ప్రాంత వ్యవసాయాన్ని తీర్చిదిద్దాయి. కృష్ణానది తెలంగాణలోకి ప్రవేశించేది ఈ జిల్లాలోనే. అయినా నది లోయలో పారుతుంది, పొలాలు ఎత్తున ఉంటాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. ఆనకట్ట నల్లగొండ నేలమీద లేచింది. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ప్రాంతాలు వరి పండించాయి. దేవరకొండ, మునుగోడు ప్రాంతాలు మెట్టగానే మిగిలాయి. 1980ల ఆరంభంలో శ్రీశైలం జలాశయం నిండినప్పుడు మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో వంద దాకా గ్రామాలు మునిగాయి. దేశంలోని ఎన్నో ఆనకట్టలకు మట్టి మోసిన పాలమూరు కూలీల సొంత ఊళ్ళకు సాగునీరు అందలేదు.

ఈ అనుభవం నుంచే ఇక్కడ ‘కరువు’ అనే మాటకు ప్రత్యేకమైన అర్థచ్ఛాయ ఏర్పడింది. నిఘంటువులు దానిని అనావృష్టిగా, దుర్భిక్షంగా చెబుతాయి. పాలమూరు ప్రజాచర్చలో మాత్రం కరువు మనుషులు తెచ్చిపెట్టినది, నీటి పంపకంలో జరిగిన అన్యాయానికి మరో పేరు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఈ ఆరోపణ బ్యాలెట్ రూపం దాల్చింది. ఫ్లోరైడ్ పీడిత గ్రామాలకు కృష్ణా జలాలు కావాలన్న కోరికతో, దుశర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జలసాధన సమితి పిలుపు మేరకు, నల్లగొండ స్థానానికి నామినేషన్లు వెల్లువెత్తి చివరికి 480 మంది అభ్యర్థులు బరిలో నిలిచారు. అక్కడి పోలింగు వాయిదా పడింది. అదే ఏడాది లోక్‌సభ అభ్యర్థుల ధరావతును 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు.

2000 తరువాత ఈ మాట పక్కన కొత్త పరిభాష వచ్చి చేరింది. 2003లో ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో మొదలైన రైతుల భూగర్భజల నిర్వహణ పథకం ఏడు జిల్లాల్లో నడిచింది. వాటిలో నల్లగొండ, మహబూబ్‌నగర్ ఉన్నాయి. రైతులే వానను కొలిచారు, బోర్లలో నీటిమట్టం నమోదు చేశారు, యాసంగికి ముందు ఊరి నీటి బడ్జెట్ వేసుకున్నారు. ప్రపంచబ్యాంకు సహకారంతో మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లో కరువును తట్టుకునే విధానాల మీద ప్రయోగాలు జరిగాయి. ‘అనుకూలనం’ అనే అంతర్జాతీయ భావన ఈ నేలమీద అడుగుపెట్టింది ఇటువంటి పథకాల ద్వారానే.

నీటి లెక్క రైతు చేతికి రావడం చిన్న విషయం కాదు. కానీ ఈ పరిభాషలో కరువు స్వభావం మారింది. ఆరోపణగా ఉన్న మాట పరిస్థితిగా స్థిరపడింది. పరిస్థితికి సర్దుకోవలసిన భారం రైతుదయింది. నీటి పంపకాన్ని నిర్ణయించిన వ్యవస్థ ఆ చిత్రం నుంచి తప్పుకున్నది.

2009: కలవని రెండు చర్చలు

2009లో నైరుతి రుతుపవనాలు దేశమంతటా విఫలమయ్యాయి. ఆ ఎండిన వానాకాలం చివర, అక్టోబరు తొలి రోజుల్లో, కృష్ణా, తుంగభద్రలకు వచ్చిన వరద కర్నూలునూ, పాలమూరులోని అలంపురం ప్రాంతాన్నీ ముంచెత్తింది. ఆ డిసెంబరు 3న పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ 2020 నాటికి దేశ ఉద్గార తీవ్రతను 20 నుంచి 25 శాతం తగ్గిస్తామని లోక్‌సభలో ప్రకటించారు. ఆయన అప్పుడు ఆంధ్రప్రదేశ్ నుంచి రాజ్యసభ సభ్యులు. డిసెంబరు 7న కోపెన్‌హాగెన్ సదస్సు మొదలైంది. 9న తెలంగాణ ఏర్పాటు ప్రక్రియపై కేంద్ర ప్రకటన వెలువడింది.

తెలంగాణ ఉద్యమం నీళ్ళను తన మూడు ప్రధాన నినాదాల్లో మొదటిదిగా నిలిపింది. కోపెన్‌హాగెన్ వేదికపై భారతదేశం చేసిన వాదం కూడా పంపకంలో న్యాయం గురించిందే. ఒకటి నదీజలాల వాటా, మరొకటి ఆకాశంలో వాటా. తర్కం ఒకటే అయినా ఈ రెండూ ఒకదానినొకటి గుర్తించలేదు. వాతావరణం దౌత్యవేత్తల, శాస్త్రజ్ఞుల విషయంగా, నీరు ఉద్యమకారుల విషయంగా విడివిడిగా ఉండిపోయాయి.

కర్బనం లేని ఇంధనం, మనుషులున్న అడవి

ఆ రెండు చర్చలు ఎదురుపడిన సందర్భం యురేనియం. నాగార్జునసాగర్ జలాశయానికి సమీపంలోని లంబాపురం, పెద్దగట్టు గనుల ప్రతిపాదనపై 2003లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో తీవ్ర వ్యతిరేకత వ్యక్తమైంది. 2019 మే నెలలో కేంద్ర అటవీ సలహా సంఘం అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు సూత్రప్రాయంగా అంగీకరించింది. చెంచు పెంటలు మొదలుకొని హైదరాబాదు విద్యార్థుల దాకా నిరసన వ్యాపించింది. సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలను వ్యతిరేకిస్తూ ఏకగ్రీవ తీర్మానం చేసింది.

పారిస్ ఒప్పందానికి ముందు 2015లో భారతదేశం సమర్పించిన హామీలో, 2030 నాటికి విద్యుత్ స్థాపిత సామర్థ్యంలో 40 శాతం శిలాజేతర వనరుల నుంచి ఉండాలన్నది ఒక లక్ష్యం. 2022లో దానిని 50 శాతానికి పెంచారు. శిలాజేతరం అన్న పద్దులో అణువిద్యుత్తు కూడా చేరుతుంది. కర్బన పద్దులో అది శుభ్రమైన ఇంధనం. చెంచుల పద్దులో అది తేనె, గడ్డలు, వాగునీరు కోల్పోవడం. 2019 నాటి ఉద్యమం అడవినీ నదినీ కాపాడాలని కోరింది. అణువిద్యుత్తు వాతావరణ హితమన్న వాదాన్ని నేరుగా ఎదుర్కొనే అవసరం ఆ ఉద్యమానికి పెద్దగా కలగలేదు. అందువల్ల విజయం తాత్కాలికంగా దక్కినా, మూలప్రశ్న తేలలేదు.

2015 జూన్: బొగ్గు, నీరు

అన్నిటికంటే క్లిష్టమైన ఘట్టం 2015 జూన్‌లో, పారిస్ సదస్సుకు ఆరు నెలల ముందు సంభవించింది. జూన్ 8న ముఖ్యమంత్రి కె.చంద్రశేఖర్ రావు నల్లగొండ జిల్లా దామరచర్ల మండలం వీర్లపాలెం వద్ద, కృష్ణా తీరాన, 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. మూడు రోజుల తరువాత, జూన్ 11న, శ్రీశైలం జలాశయం నుంచి నీటిని ఎత్తిపోసే పాలమూరు-రంగారెడ్డి పథకానికి కరివెన వద్ద పునాది వేశారు. లోయలోని నది మెట్ట పొలానికి ఎక్కాలంటే విద్యుత్తు కావాలి. ఇరవై లక్షలకు పైగా వ్యవసాయ కనెక్షన్లున్న రాష్ట్రంలో 2018 జనవరి 1 నుంచి అమలైన ఇరవై నాలుగు గంటల ఉచిత విద్యుత్తుకు కూడా అదే ఆధారం. కరువును తరిమే మోటారు వెనుక బొగ్గు ఉన్నది. వాతావరణాన్ని వేడెక్కించి కరువును తీవ్రం చేసేవాటిలో ఆ బొగ్గూ ఒకటి.

ఈ రెండింటికీ పర్యావరణ చట్టం అడ్డుపడింది, కానీ భిన్నమైన తీరుల్లో. ఆంధ్రప్రదేశ్ రైతుల పిటిషన్‌పై 2021 అక్టోబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ పర్యావరణ అనుమతి లేని కారణంగా పాలమూరు-రంగారెడ్డి పనులను ఆపమన్నది. 2022 సెప్టెంబరులో యాదాద్రి కేంద్రం అనుమతిని నిలుపుదల చేసి అదనపు అధ్యయనానికి ఆదేశించింది. విద్యుత్ కేంద్రం 2024 చివర ఉత్పత్తి దశకు చేరింది. గోదావరి లోయలోని బొగ్గును కృష్ణా తీరానికి మోయడంలోని ఔచిత్యం కూడా వివాదాస్పదమై, 2024లో న్యాయవిచారణ పరిధిలోకి వచ్చింది. పాలమూరు రైతు దృష్టిలో పర్యావరణ చట్టం చాలాకాలం ఎదురుచూసిన నీటికి అడ్డంకిగానే కనబడింది. వీర్లపాలెం పరిసర తండాల వారికి అదే చట్టం చివరి ఆసరా.

2021లో గ్లాస్గోలో భారతదేశం బొగ్గు ‘నిర్మూలన’ అన్న పదాన్ని ‘క్రమంగా తగ్గింపు’గా మార్పించింది. ఆలస్యంగా అభివృద్ధి బాట పట్టినవారికి అవకాశం ఉండాలన్నది దాని వాదం. తెలంగాణ ప్రభుత్వం బొగ్గును సమర్థించుకున్నదీ అదే వాదంతో. ఆ వాదాన్ని తోసిపుచ్చడం పాలమూరుకు అన్యాయం. అయితే 4,000 మెగావాట్లలో ఎత్తిపోతలకు ఎంత, బోరుబావికి ఎంత, నగరానికి ఎంత అన్న లెక్క బహిరంగంగా తేలనంతకాలం అవి బతుకుతెరువు ఉద్గారాలో, విలాస ఉద్గారాలో నిర్ణయించడం సాధ్యం కాదు. మెట్ట రైతు పేరు మీద సంపాదించిన హక్కు ఎవరి వినియోగానికి చేరుతున్నదన్నదే అసలు ప్రశ్న.

ముగింపు

రియో సూత్రం దేశ సరిహద్దు దగ్గర ఆగిపోవడానికి తార్కిక కారణం లేదు. దాన్ని జిల్లా స్థాయికి తీసుకురావాలంటే మొదట చర్చ ప్రజల భాషలో జరగాలి. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు ముందు నివేదిక సారాంశాన్ని స్థానిక భాషలో ఇస్తే చాలు, పూర్తి నివేదిక ఇంగ్లీషులోనే ఉండవచ్చు. 2020లో ఆ ప్రకటన స్థానంలో తేదలచిన ముసాయిదాను 22 భాషల్లోకి అనువదించాలని ఢిల్లీ హైకోర్టు ఆదేశించవలసి వచ్చింది. నష్టపోయేవారికి సారాంశం, నిర్ణయించేవారికి పూర్తి పాఠం అన్న ఈ విభజన కూడా భిన్నస్థాయి బాధ్యతను తలకిందులు చేసేదే.

నల్లగొండ, పాలమూరు ప్రజలు ‘కరువు’ అనే మాటలో కర్తను నిలుపుకున్నారు. ఎవరి నిర్ణయం వల్ల నీరు రాలేదో చెప్పగలిగారు. ‘వాతావరణ మార్పు’ అనే మాటలోకి ఆ కర్తృత్వ స్పృహ ఇంకా ప్రవేశించలేదు. ప్రభావ నివేదికల, కార్యాచరణ ప్రణాళికల తెలుగు పాఠాలను మూలాలతో పోల్చి, ఏ వాక్యంలో కర్త లోపించిందో, ఏ పదం ఆరోపణను పరిస్థితిగా మార్చిందో చూపడం భాషా పరిశోధన పరిధిలోని పనే. ఆ పని జరిగితే వీర్లపాలెం తండా వాసి గానీ, అమ్రాబాద్ చెంచు గానీ తరువాతి ప్రజాభిప్రాయ సేకరణలో తమ ముందున్న కాగితం ఏం చెబుతున్నదో, ఏం చెప్పడం లేదో తెలుసుకుని మాట్లాడగలుగుతారు.