షీట్ ఫిల్ము డెవలపర్
నలుపు-తెలుపు షీట్ ఫిల్ముపై కాంతి సోకినపుడు ఏర్పడిన అగోచర బింబాన్ని కంటికి కనిపించే వెండి బింబంగా మార్చే రసాయన ద్రావణాన్ని షీట్ ఫిల్ము డెవలపర్ అంటారు. షీట్ ఫిల్ము చుట్టగా కాక, 4×5, 8×10 అంగుళాల వంటి కొలతల్లో విడి రేకులుగా లభిస్తుంది.

ఎంపిక
35 మి.మీ. ఫిల్మును ముద్రణలో అనేక రెట్లు పెంచవలసి ఉంటుంది కనుక దానికి సన్నని రేణువునిచ్చే డెవలపర్ అవసరం. షీట్ ఫిల్మును కొద్ది రెట్లే పెంచుతారు. అందుచేత దీనికి రేణువు కంటే వెలుగునీడల అంతరాలు, రేకు అంతటా సమానమైన డెవలపింగు ముఖ్యం.

ముఖ్యమైన రకాలు
* డి-76: కొడాక్ సంస్థ 1920లలో రూపొందించింది. లీటరు ద్రావణంలో మెటాల్ 2 గ్రా., సోడియం సల్ఫైట్ 100 గ్రా., హైడ్రోక్వినోన్ 5 గ్రా., బోరాక్స్ 2 గ్రా. ఉంటాయి.
* రోడినాల్: 1891 నాటి జర్మనీ డెవలపర్. 1:25, 1:50 పాళ్ళలో నీరు కలిపి వాడతారు.
* పైరోగల్లాల్: వెండి బింబానికి తోడు రంగు మరకను ఏర్పరచి, వెలుగు భాగాల్లోని వివరాలను కాపాడుతుంది. విషపదార్థం కనుక చేతి తొడుగులు తప్పనిసరి.

ఉష్ణోగ్రత
డెవలపింగుకు ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్. సిద్దిపేట జిల్లాలోని ప్రజ్ఞాపూర్ వంటి చోట్ల వేసవి పగటి వేడి 40 డిగ్రీలు దాటుతుంది. ద్రావణం వేడెక్కితే జెలటిన్ పొర మెత్తబడి గీతలు పడతాయి. డెవలపింగు కాలం 5 నిమిషాల లోపుకు తగ్గితే రేకు సమంగా డెవలప్ కాదు. చెడిన నెగటివును తిరిగి పొందలేము. కనుక ట్రేను మంచునీటి తొట్టిలో ఉంచి చల్లబరుస్తారు. మంచును నేరుగా ద్రావణంలో వేస్తే అది పలుచబడుతుంది. అధిక నీటితో పలుచన చేసిన డెవలపర్ నెమ్మదిగా పనిచేస్తుంది గనుక వేడి ప్రాంతాలకు అనుకూలం.