ఎండకు ప్రతిపదార్థం

పోయిన మార్చిలో ఊరెళుతూ మా పెద్దమ్మకు ఒక సన్‌స్క్రీన్ ట్యూబు పట్టుకెళ్ళాను. మాది పల్నాడు. డెబ్భై దగ్గర పడుతున్నా ఆవిడ మిరప కాయకోతకు వెళ్ళడం మానలేదు. ట్యూబును అటూ ఇటూ తిప్పి చూసి మళ్ళీ నా చేతికే ఇచ్చింది. "నాకు చదువు రాదుగా నాయనా, ఏం రాసుందో నువ్వే చెప్పు" అంది. పైకి చదివాను: ఎస్‌పీఎఫ్ 50, పీఏ అని రాసి నాలుగు ప్లస్ గుర్తులు, బ్రాడ్ స్పెక్ట్రమ్, వాటర్ రెసిస్టెంట్. "అంటే?" అంది.

బళ్ళో పద్యాలకు ప్రతిపదార్థాలు గడగడా అప్పజెప్పినవాణ్ణే. అక్కడ మాత్రం నోరు పెగల్లేదు. పైగా ఇంకో చిక్కు. ఎండ గురించి మాట్లాడాలంటే పెద్దమ్మ దగ్గర వడ, ఉక్క, నీరెండ, చుర్రు, కమలడం అని బోలెడు మాటలున్నాయి. వాటిలో ఒక్కటీ ట్యూబు మీద లేదు. ట్యూబు మీదున్నవి ఆవిడకు తెలియవు. రెండు వైపుల మాటలూ కలిపి ఇప్పుడు తీరిగ్గా అర్థం చెబుతున్నాను.

ఎండ. ఈ ఒక్క మాటలో మూడు సరుకులున్నాయి: వెలుగు, వేడి, అతినీలలోహిత (యూవీ) కిరణాలు. మొదటిది కంటికి తెలుస్తుంది, రెండోది ఒంటికి తెలుస్తుంది, మూడోది దేనికీ తెలియదు. 1801లో జర్మనీలో యోహాన్ రిటర్ అనే ఆయన సూర్యకాంతిని రంగులుగా విడగొట్టి, వెండి లవణం పూసిన కాగితం మీద పడనిచ్చాడు. ఊదారంగు అయిపోయాక, ఏ వెలుగూ కనిపించని చోట, ఆ కాగితం అన్నిటికన్నా త్వరగా నల్లబడింది. కనపడకుండా నల్లబరిచే ఆ కిరణాలే ఇవి. "అబ్బ, ఏం ఎండ!" అని మనం అనేటప్పుడు చెప్పేదంతా రెండో సరుకు గురించే. చర్మాన్ని పాడుచేసేది మూడోది. సంక్రాంతికి మేడమీద గాలిపటాలు ఎగరేసే ఎండ ఎంత హాయిగా ఉంటుందో మనకు తెలుసు. గాలి చల్లగా ఉంటుంది కాబట్టి టోపీ గుర్తుకురాదు. కానీ ఆ మధ్యాహ్నం కూడా మన ప్రాంతంలో యూవీ ఇండెక్స్ 6, 7 దాకా పోతుంది.

యూవీ ఇండెక్స్. ఆ మూడో సరుకుకు కొలత. 1992లో కెనడాలో మొదలైంది, తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ అందరికీ ఒకే లెక్క పెట్టింది. 3 దాటితే జాగ్రత్త, 8 దాటితే చాలా జాగ్రత్త, 11 దాటితే తీవ్రం. మబ్బులేని వేసవి మధ్యాహ్నం మన దగ్గర 11 చుట్టూ తిరుగుతుంది. ఫోన్‌లో వాతావరణం చూసేవాళ్ళు డిగ్రీల దగ్గరే ఆగిపోతారు. వేలితో ఇంకాస్త కిందికి జరిపితే ఈ అంకె ఉంటుంది.

నీడ. ఫోన్ లేనివాళ్ళకు ఇదే ఇండెక్స్. మీ నీడ మీకన్నా పొడుగ్గా ఉందా, కిరణాల జోరు తక్కువ. మీకన్నా పొట్టిదైందా, జోరు ఎక్కువ. హైదరాబాదులో ఏటా మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో మరోసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలబెట్టిన గ్లాసుకు ఆ క్షణాన నీడే ఉండదు. మేలో అది మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాలకు. మన గడియారాలకు ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ పక్కగా పోతుంది గనక అక్కడ సూర్యుడు పన్నెండుకే నడినెత్తిన ఉంటాడు, హైదరాబాదుకు పావుగంట ఆలస్యం. అంటే కిరణాల పోటు పన్నెండూ పన్నెండున్నర మధ్య. వేడి పోటు మాత్రం రెండింటికీ నాలుగింటికీ మధ్య, నేల కాగి గాలి వేడెక్కాక. "పన్నెండింటికేగా, ఇంకా ఎండ ముదరలేదు" అని బయల్దేరేవాళ్ళు వేడిని తప్పించుకుని కిరణాలకు దొరుకుతారు. చెట్టు కింద నుంచుంటే అంతా తప్పినట్టు కాదు. ఆకాశం నుంచి చెదిరి వచ్చే కిరణాలుంటాయి. పొడి ఇసుక మీద పడి తిరిగి వచ్చేవీ ఉంటాయి, సుమారు 15 శాతం. విశాఖ బీచిలో గొడుగు కింద కూర్చుని కూడా ముఖం కమిలించుకునేది ఇందుకే.

చుర్రు. ఇది వేడిది, కిరణాలది కాదు. కిరణాలు తగిలినప్పుడు ఏమీ అనిపించదు. అదే వాటి మోసం.

కమలడం. ఇది కిరణాలదే, ముఖ్యంగా యూవీ-బీ రకానిది. తగిలిన నాలుగైదు గంటలకు ఎరుపు మొదలై, మర్నాటికి ముదురుతుంది. మన ఛాయలో ఎరుపు అంతగా కనపడదు. మంటా, ముట్టుకుంటే నొప్పీ, వారానికి పొట్టు లేవడమూ తెలుస్తాయి.

బ్రాడ్ స్పెక్ట్రమ్. యూవీ-బీతో పాటు యూవీ-ఏను కూడా ఆపుతుందని చెప్పడం. నేలకు చేరే అతినీలలోహిత కిరణాల్లో 95 శాతం దాకా యూవీ-ఏనే. ఇది పెద్దగా కమిలించదు, లోతుకు దిగి చర్మాన్ని సడలిస్తుంది, ముడతలు పెడుతుంది, మచ్చలు తేలుస్తుంది. యూవీ-బీని మామూలు గాజు ఆపుతుంది, యూవీ-ఏను పెద్దగా ఆపదు. దూరప్రయాణాలు చేసే లారీ డ్రైవరును అడిగి రెండు చేతులూ పక్కపక్కన పెట్టించి చూడండి. మన బళ్ళలో స్టీరింగు కుడివైపు కాబట్టి, కిటికీ పక్కనుండే కుడి చెయ్యే ఎక్కువ నల్లబడి ఉంటుంది.

ఎస్‌పీఎఫ్. ట్యూబు మీద పెద్ద అక్షరాల్లో ఉండేది ఇదే, ఎక్కువమంది తప్పుగా చదివేదీ ఇదే. పది నిమిషాల్లో కమిలే మనిషి 50 పూసుకుంటే 500 నిమిషాలు తిరగవచ్చని కొందరు లెక్కకడతారు. అది కాదు. చర్మాన్ని ఎర్రబరిచే కిరణాల్లో ఎంత వంతు లోపలికి వస్తుందో చెప్పే అంకె ఇది. 30 అయితే ముప్ఫయ్యో వంతు, 50 అయితే యాభయ్యో వంతు. శాతాల్లో చెప్పాలంటే 30 సుమారు 97 శాతం ఆపుతుంది, 50 సుమారు 98. ఆ ఒక్క శాతం కోసం రెట్టింపు ధర పెట్టాలా వద్దా అన్నది మీ ఇష్టం. నా డబ్బైతే పెట్టను.

అసలు గుట్టు వేరే ఉంది. ఆ అంకె తేల్చే పరీక్షలో మనిషి వీపు మీద చదరపు సెంటీమీటరుకు రెండు మిల్లీగ్రాముల చొప్పున మందంగా పూస్తారు. మనం బొట్టుబొట్టుగా పెట్టి రాసుకుంటాం. పరీక్షలో పూసిన దాంట్లో సగం, ఒక్కోసారి పావు. సగం పూస్తే రక్షణ సగమో, ఇంకా తక్కువో. చూపుడు వేలు, మధ్య వేలు మీద మొదలు నుంచి కొన దాకా రెండు గీతలు పిండితే ముఖానికీ మెడకూ సరిపోతుంది, అది గ్రాము పైచిలుకు. పొద్దున ఒకసారి, బయట ఉంటే రెండు గంటలకొకసారి. రోజుకు రెండుసార్లే అనుకున్నా 50 గ్రాముల ట్యూబు మూడు వారాలకు మించి రాకూడదు. మా ఇంట్లో అది ఉగాదికి కొంటే వినాయకచవితి దాకా వస్తుంది. పొదుపు అనుకున్నాం ఇన్నాళ్ళూ.

పీఏ. జపాన్ వాళ్ళు 1996లో తెచ్చిన గుర్తు. ఎస్‌పీఎఫ్ యూవీ-బీకి లెక్క అయితే ఇది యూవీ-ఏకి. ప్లస్సులు ఎన్ని ఎక్కువుంటే అంత మేలు, నాలుగే గరిష్ఠం. మన ఛాయవాళ్ళు ఎస్‌పీఎఫ్ అంకె కన్నా ముందు దీన్నే చూడాలని నా అభిప్రాయం. కారణం కింద ఉంది.

నలుపు. రంగునిచ్చే కణాల సంఖ్య తెల్లవాళ్ళకూ మనకూ ఇంచుమించు ఒకటే. ఆ కణాలు తయారుచేసే మెలనిన్ మోతాదులో, అది పొట్లాలుగా సర్దుకునే తీరులో తేడా. చర్మం నల్లబడటమంటే తగిలిన దెబ్బకు ఒళ్ళు గొడుగు పట్టుకోవడం. ఆ గొడుగు చిన్నదే. మెలనిన్ ఎక్కువున్న చర్మానికి కాన్సరు ముప్పు బాగా తక్కువన్నది నిజం, అందుకు సంతోషించాలి. కానీ మచ్చలకూ ముడతలకూ అది పూర్తి అడ్డు కాదు. ఇక సన్‌స్క్రీన్‌ను "తెల్లబడే మందు"గా అమ్మే ప్రకటనల సంగతి: ఎండ నుంచి కాపాడుకోవడం వేరు, పుట్టిన రంగును జబ్బుగా చూడటం వేరు. ఈ రెంటినీ ఒకే డబ్బాలో పెట్టి అమ్మడం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మంగు. చెంపల మీద, నుదుటి మీద, పైపెదవి మీద గోధుమ నలుపు మరకలు. గర్భంతో ఉన్నప్పుడు వచ్చే మార్పులు, వంశం, ఎండ కలిసి తెచ్చేవి. యూవీ-ఏతో పాటు మామూలు వెలుగు కూడా దీన్ని ముదరబెడుతుంది. అందుకే ఐరన్ ఆక్సైడ్ కలిపిన, మట్టిరంగు సన్‌స్క్రీన్ దీనికి బాగా పనిచేస్తుంది. మందుల షాపులో అడక్కుండానే ఇచ్చే స్టెరాయిడ్ క్రీముల జోలికి మాత్రం పోవద్దు. వారంలో తెల్లగా చేసి, ఏడాదిలో చర్మాన్ని పల్చని కాగితం చేస్తాయి.

నీరెండ. పొద్దుటి లేత ఎండలో నిలబడితే విటమిన్ డి వస్తుందని అందరూ చెబుతారు. తల్లులు పసిపిల్లలకు నూనె రాసి పడుకోబెట్టేదీ అప్పుడే. ఆ వెచ్చదనం నిజమే గానీ, విటమిన్ తయారుచేసే యూవీ-బీ ఏటవాలు ఎండలో చాలా తక్కువ. తిరుపతిలో చేసిన పరిశీలనల్లో ఆ పనికి సరైన ఎండ పదకొండుకూ రెండింటికీ మధ్య అని తేలింది. కమిలించేదీ అదే సమయం! ప్రకృతి ఇక్కడ మనకు అనుకూలంగా ఏర్పాట్లు చేయలేదు. ఆ వేళలో చేతులకూ కాళ్ళకూ కొద్ది నిమిషాలు ఎండ తగలనిచ్చి, ముఖం కప్పుకోవడం మధ్యేమార్గం. లోపం బాగా ఉంటే డాక్టరు రాసే గుళికలు ఉండనే ఉన్నాయి.

వాటర్ రెసిస్టెంట్. నీళ్ళలో నలభై నిమిషాలో ఎనభై నిమిషాలో నిలుస్తుందని. తువ్వాలుతో తుడుచుకుంటే పోతుంది.

వడ. ఇక్కడికి వచ్చేసరికి ట్యూబు చేతులెత్తేస్తుంది. వడగాడ్పు, వడదెబ్బ పూర్తిగా వేడి పని. ఎస్‌పీఎఫ్ ఎంతున్నా ఒక్క డిగ్రీ కూడా తగ్గదు. 2015 మే నెలాఖరు ఎండల్లో తెలుగు రాష్ట్రాలు రెండింటిలో కలిపి రెండు వేలకు అటూ ఇటూగా జనం పోయారు. చాలామంది కూలీలు, ముసలివాళ్ళు. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి, మాట తడబడి, పొంతన లేకుండా మాట్లాడి, పడిపోతే అది వడదెబ్బ. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అనుకోవద్దు. ఎండలో కష్టపడి పనిచేస్తూ పడినవాళ్ళకు చెమట పడుతూనే ఉండొచ్చు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళతో తడిపి విసరాలి. చంకల్లో, గజ్జల్లో, మెడ దగ్గర చల్లటి గుడ్డలు పెట్టాలి. ఈలోపు 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేనివాళ్ళ నోట్లో మజ్జిగ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. జ్వరం బిళ్ళ కూడా పనిచేయదు, ఎందుకంటే ఇది జ్వరం కాదు.

ఉక్క. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది, పట్టినంత మాత్రాన కాదు. గాలిలో తేమ నిండితే చెమట కారుతుందే తప్ప ఆరదు. అందుకే వాతావరణ శాఖ మైదానాల్లో 40 డిగ్రీలు దాటాక గానీ వడగాలుల లెక్క మొదలుపెట్టదు, సముద్ర తీరానికి మాత్రం 37 చాలంటుంది. మచిలీపట్నం 37ను రెంటచింతల 37తో పోల్చి "రెండూ ఒకటేగా" అనేవాళ్ళకు ఇదీ జవాబు.

కళ్ళు. ట్యూబు మీద వీటి ఊసే లేదు. ఏళ్ళ తరబడి ఎండలో పనిచేసేవాళ్ళకు తెల్లగుడ్డు మీద కండ పెరిగి నల్లగుడ్డు మీదికి పాకుతుంది, శుక్లాలూ త్వరగా వస్తాయి. రోడ్డు పక్కన అమ్మే నల్ల అద్దాల్లో యూవీ అడ్డు లేకపోతే అవి లేకపోవడమే మేలు. చీకటికి కంటిపాప పెద్దదై, ఇంకాస్త ఎక్కువ లోపలికి రానిస్తుంది.

చొక్కా. ఇది పెద్దమ్మ వైపు మాట. కాయకోతకు వెళ్ళే ఆడవాళ్ళంతా చీర మీద మగవాళ్ళ ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకుంటారు, తలకు తువ్వాలు చుడతారు. మిరప మంటకీ ఎండకీ అదే. బట్టకు కూడా ఎస్‌పీఎఫ్ లాంటి లెక్క ఉంది, యూపీఎఫ్ అంటారు. పల్చని తెల్ల నూలు బట్టకు అది పది కూడా ఉండకపోవచ్చు, తడిస్తే ఇంకా తగ్గుతుంది. నేత దగ్గరగా, రంగు ముదురుగా ఉంటే యాభై దాటుతుంది. రెండు గంటలకొకసారి పూయక్కర్లేదు, చెమటకు కారిపోదు. నేను కొన్న ట్యూబు కన్నా ఆవిడ చొక్కాయే గట్టిదని ఒప్పుకుని, ట్యూబు ఎక్కడికి పనికొస్తుందో చూపించాను: ముక్కు, చెంపలు, చేతుల వెనక భాగం. జింక్ ఆక్సైడ్ రకం కాబట్టి ముక్కు మీద తెల్లగా తేలింది. అద్దంలో చూసుకుని, "సున్నం కొట్టావేందిరా" అని నవ్వింది.

మర్నాడు ఐదున్నరకే లేచింది. ట్యూబు గూట్లో ఉంది, మూత తీసిన గుర్తులున్నాయి. చొక్కా చేతులు దులుపుతూ వెలుగులోకి పట్టి చూసి, "మీ పెదనాన్నది ఇంకో చొక్కా ఉందేమో పెట్టెలో చూడు నాయనా, ఇది మోచేతుల దగ్గర పల్చబడింది" అంది.