ఫార్ములా వన్ వ్యయ పరిమితి

ఫార్ములా వన్ వ్యయ పరిమితి అనగా ఫార్ములా వన్ మోటారు పందెములలో పాల్గొను ప్రతి జట్టు ఒక సంవత్సరములో కారు రూపకల్పన, తయారీ, నిర్వహణలపై ఖర్చు చేయదగిన సొమ్ముకు విధించిన గరిష్ఠ హద్దు. అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య (ఎఫ్.ఐ.ఎ.) దీనిని 2021లో అమలులోనికి తెచ్చినది. 2023 నుండి ఇంజను తయారీదారులకు కూడ వేరుగా ఒక పరిమితి ఏర్పడినది. ధనిక జట్లకు, చిన్న జట్లకు మధ్య అంతరమును తగ్గించుట, కొత్త సంస్థల ప్రవేశమునకు వీలు కల్పించుట దీని ముఖ్యోద్దేశములు.

నేపథ్యము

2000 తరువాతి సంవత్సరములలో పెద్ద కార్ల కంపెనీలు సొంత జట్లను నడుపుట వలన ఖర్చు విపరీతముగా పెరిగినది. ఖర్చుకు తగిన ఫలితము మాత్రము అందరికీ దక్కలేదు. ఉదాహరణకు టయోటా 2002 నుండి 2009 వరకు పోటీలో ఉండి ఒక్క పందెము కూడ గెలువలేదు. 2008 నాటి ప్రపంచ ఆర్థిక సంక్షోభముతో కంపెనీలు వెనుకంజ వేసినవి. హోండా 2008 డిసెంబరులోను, బి.ఎం.డబ్ల్యూ. 2009 జూలైలోను, టయోటా 2009 నవంబరులోను వైదొలగుచున్నట్లు ప్రకటించినవి.

2009 ప్రతిపాదన, దాని పర్యవసానము

అప్పటి ఎఫ్.ఐ.ఎ. అధ్యక్షుడు మాక్స్ మోస్లీ 2010 పోటీలకు ముందుగా 3 కోట్ల పౌండ్లు, తరువాత 4 కోట్ల పౌండ్ల పరిమితిని ప్రతిపాదించినాడు. ఇది ఐచ్ఛికము. పరిమితిని అంగీకరించిన జట్లకు సాంకేతిక విషయములలో అదనపు స్వేచ్ఛ లభించును. ఒకే పోటీలో రెండు రకముల నియమములు ఉండుటను ఫెరారీ మొదలగు జట్లు వ్యతిరేకించినవి. 2009 జూన్‌లో ఎనిమిది జట్లు తాము వేరుగా పోటీలు జరుపుకొందుమని ప్రకటించినవి. అదే నెలలో రాజీ కుదిరి, వ్యయ పరిమితి ఆలోచన విరమింపబడినది. ఖర్చును స్వచ్ఛందముగా తగ్గించుకొందుమని జట్లు ఒప్పుకొన్నవి.

అయితే పరిమితి వచ్చునన్న ఆశతో దరఖాస్తు చేసిన కొత్త జట్లు అప్పటికే ఎంపికైనవి. వాటిలో యు.ఎస్. ఎఫ్1 అసలు పందెమునకే రాలేదు. హిస్పానియా, వర్జిన్, లోటస్ జట్లు 2010లో ప్రవేశించి, తమకంటె ఎన్నో రెట్లు ఖర్చు చేయు జట్లతో పోటీపడవలసి వచ్చినది. ఈ మూడింటిలో మొదటి పాయింట్లు 2014 మొనాకో గ్రాండ్ ప్రిలో, వర్జిన్ వారసురాలైన మారుసియా జట్టుకు జూల్స్ బియాంకి ద్వారా లభించినవి. హిస్పానియా 2012 చివర మూతపడినది. లోటస్ పేరు మారి కేటర్‌హామ్ కాగా, అది 2014 చివరి పందెమునకు ప్రజల నుండి చందాలు వసూలు చేసి వెళ్ళి, తరువాత అంతరించినది. మానర్ పేరుతో కొనసాగిన మారుసియా 2017 జనవరిలో మూతపడినది. భారతీయ డ్రైవర్లు కరుణ్ చందోక్ (2010), నారాయణ్ కార్తికేయన్ (2011, 2012) హిస్పానియా కార్లను నడిపినారు.

2021 నియమావళి

2019 అక్టోబరులో 17.5 కోట్ల డాలర్ల పరిమితి ఆమోదము పొందినది. కోవిడ్ వలన ఆదాయము పడిపోగా, 2020లో దానిని సవరించి 2021కి 14.5 కోట్లు, 2022కి 14 కోట్లు, 2023 నుండి 13.5 కోట్ల డాలర్లుగా నిర్ణయించినారు. పందెముల సంఖ్యను, ద్రవ్యోల్బణమును బట్టి ఈ మొత్తము మారును. 2026కు పరిమితి 21.5 కోట్ల డాలర్లు. గతములో మినహాయించిన కొన్ని ఖర్చులను లెక్కలో చేర్చుట ఈ పెరుగుదలకు ఒక కారణము.

2021 నియమావళిలో పరిమితికి లోబడని ముఖ్యమైన ఖర్చులు ఇవి:

* డ్రైవర్ల జీతములు
* అత్యధిక వేతనము పొందు ముగ్గురు ఉద్యోగుల జీతములు
* ప్రచార వ్యయము
* ప్రయాణ ఖర్చులు

పరిమితిని 5 శాతము లోపు మించినచో స్వల్ప ఉల్లంఘనగాను, అంతకు మించినచో తీవ్ర ఉల్లంఘనగాను పరిగణింతురు. 2021 లెక్కలలో రెడ్ బుల్ జట్టు 18,64,000 పౌండ్లు (1.6 శాతము) అధికముగా ఖర్చు చేసినట్లు తేలినది. 2022 అక్టోబరులో ఆ జట్టుకు 70 లక్షల డాలర్ల జరిమానాతో పాటు, వాయుగతిక పరీక్షలలో 12 నెలల పాటు 10 శాతము కోత విధించినారు.

కొత్త తయారీదారులు

ఇంజను తయారీదారుల వార్షిక పరిమితి 2023-2025 కాలమునకు 9.5 కోట్ల డాలర్లు, 2026 నుండి 13 కోట్ల డాలర్లు. కొత్తగా వచ్చు తయారీదారులకు కొంత అదనపు వ్యయమునకు అనుమతి ఉన్నది. 2026 ఇంజను నిబంధనలలో విద్యుత్ శక్తి వాటాను ఇంచుమించు సగమునకు పెంచినారు. ఎగ్జాస్టు వాయువుల ఉష్ణము నుండి విద్యుత్తును తయారుచేయు ఖరీదైన భాగమును తొలగించినారు. ఈ మార్పులు కొత్తవారిని ఆకర్షించినవి.

* ఆడి 2022 ఆగస్టులో ప్రవేశమును ప్రకటించి, సౌబర్ జట్టును స్వాధీనపరచుకొన్నది.
* ఫోర్డ్ 2023 ఫిబ్రవరిలో రెడ్ బుల్‌తో భాగస్వామ్యమును ప్రకటించినది.
* హోండా 2023 మేలో, 2026 నుండి ఆస్టన్ మార్టిన్ జట్టుకు ఇంజన్లు ఇచ్చునట్లు ప్రకటించినది.
* జనరల్ మోటార్స్ వారి కాడిలాక్ 2025 మార్చిలో తుది అనుమతి పొంది, 2026కు పదకొండవ జట్టు అయినది. మొదట ఫెరారీ ఇంజన్లు వాడి, 2029 నుండి సొంత ఇంజను వాడవలెనని దీని ప్రణాళిక.

ఇందుకు భిన్నముగా రెనో సంస్థ 2025తో ఫార్ములా వన్ ఇంజన్ల తయారీ మానివేసినది.

ప్రభావము, విమర్శలు

మెర్సిడెస్ నుండి ఇంజన్లు కొనుగోలు చేయు మెక్‌లారెన్ 2024లో, 1998 తరువాత మొదటిసారిగా కన్‌స్ట్రక్టర్ల ఛాంపియన్‌షిప్పు గెలుచుకొన్నది. అయితే పరిమితి వార్షిక ఖర్చును మాత్రమే సమానము చేయును. పెద్ద జట్లు 2021కి ముందే నిర్మించుకొన్న విండ్ టన్నెళ్ళు, సిమ్యులేటర్లు, కర్మాగారములు వాటి వద్దనే ఉన్నవి. ఈ కారణమున వెనుకబడిన జట్లు పరికరములపై అదనముగా ఖర్చు చేయుటకు తరువాత అనుమతి ఇచ్చినారు.

ఖర్చు అదుపులోనికి వచ్చుటతో జట్ల విలువ బాగుగా పెరిగినది. బహుమతి సొమ్మును మరొకరితో పంచుకొనుటకు పాత జట్లు ఇష్టపడలేదు. 2020 నాటి కాంకర్డ్ ఒప్పందము కొత్త జట్టు 20 కోట్ల డాలర్లు చెల్లించవలెనని నిర్దేశించినది. ఆండ్రెట్టి సంస్థ కాడిలాక్‌తో కలిసి చేసిన దరఖాస్తును ఎఫ్.ఐ.ఎ. 2023 అక్టోబరులో ఆమోదించినను, పోటీల వాణిజ్య యాజమాన్యము 2024 జనవరిలో తిరస్కరించినది. 2010 నాటి కొత్త జట్లకు ప్రవేశము సులభమై మనుగడ దుర్లభమైనది. వ్యయ పరిమితి వచ్చిన తరువాత మనుగడ కొంత సులభమైనను, ప్రవేశమే కష్టమైనది.