కీర్తన పరిష్కరణమున వాద్యకారుని స్థానము

పురుషోత్తమ చౌదరి మొదలగువారి క్రైస్తవ కీర్తనలను గూర్చి మన పండితులు వ్రాసినదంతయు సాహిత్యముతో ఆరంభమై సాహిత్యముతోనే ముగియుట నాకు చిరకాలముగా మనస్తాపకారణము. ఈ మార్గమున అగ్రగణ్యులైన ఒక విద్వాంసులు, కీర్తనల పుస్తకమున పల్లవిపై రాగతాళముల పేర్లుండగా వేఱుగ స్వరలేఖన మెందులకని నాతో వాదించిరి. వారు ఒక్క ఆదివారము పటాన్‌చెరు ప్రాంతమున ఆరాధనకు వచ్చి కూర్చుండినచో ఆ మాట అనియుండరు.

ఆ ప్రాంతమున రామచంద్రాపురపు భెల్ కర్మాగారము, 1972లో ఇక్రిశాట్ పరిశోధనాసంస్థ వెలసి, పాశమైలారము, బొల్లారము పారిశ్రామికవాడలు విస్తరింపగా, గుంటూరు లూథరనులు, ఒంగోలు బాప్టిస్టులు, మెదకు వెస్లియనుల సంతతివారు ఒకే సంఘమున కూడిరి. కీర్తన యొక్కటే, శీర్షికపై రాగనామము నొక్కటే. కాని ఒకరు చరణాంతమున నిలుపుదురు, ఒకరు సాగదీయుదురు, వేఱొకరు పల్లవి నెత్తుగడయందే స్వరము మార్తురు. వీరినందఱను కలిపి నడుపువాడు కీబోర్డు వాయించు యువకుడు. ఏ స్కేలు, ఏ నడక, ఎచ్చట కార్డు మార్పవలెనన్న నిర్ణయములన్నియు పల్లవి ముగియులోపల అతడు చేయవలసినదే. హార్మోనియము గమకమునకు చాలదను ఆక్షేపణతో 1940లో ఆకాశవాణి దానిని బహిష్కరించినది. కీబోర్డునకును గల ఆ చాలనితనమును పూరించుటకు ఆ యువకుడును, అతనికి నేర్పిన కాలి హార్మోనియపు పెద్దలు కల్పించుకొన్న చిన్న చిన్న స్వరసంచారములే నేడు సంఘము కంఠమున నిలిచినవి. వీనిని ఏ ముద్రణమును ఎఱుగదు.

ఇట్టి వాదకుల సాక్ష్యమును పాశ్చాత్య సంపాదకులెట్లు చూచిరో గమనింతము. పురుషోత్తమ చౌదరి దివంగతుడైన 1890లోనే పారిసున స్వరకర్త సెజార్ ఫ్రాంక్ ఆర్గనుకు మూడు కోరల్‌లను రచించి, హార్మోనియమునకై పూనిన సంపుటమును అసంపూర్ణముగ విడిచి కన్నుమూసెను. ఆ కోరల్‌లను వాయించుటెట్లో శిష్యుడు టూర్నమీర్ 1931లో ఒక గ్రంథమున వివరించెను. ఆర్గను వాదకుడు డ్యుప్రే తన పరిష్కరణమున వేఱు త్రోవ త్రొక్కెను. పిదప వచ్చిన సంపాదకులు ఈ వాదకుల సాక్ష్యమును త్రోసివేయక తూచి చూడవలసివచ్చెను. జర్మనీ దేశమున స్వరకర్త మాక్స్ రేగర్ స్వరములను నల్లసిరాతోను, వాదనసూచనలను ఎఱ్ఱసిరాతోను వ్రాసెడివాడు. అతని 135బి సంఖ్యగల ఫాంటాసియా, ఫ్యూగ్ ముద్రణమునకు ముందు కుదింపబడినవి. ఆ కుదింపు కర్త ఇచ్ఛయా, మిత్రుడైన ఆర్గను వాదకుడు ష్ట్రౌబె ప్రేరణయా అని సంపాదకులు నేటికిని తర్కించుచున్నారు. కార్ల్‌స్రూహేలోని రేగర్ సంస్థవారి విమర్శనాత్మక ముద్రణమునందు వ్రాతప్రతుల ఛాయాచిత్రములును పాఠకుని కందుచున్నవి. వాదకుని చేయి పాఠనిర్ణయమునకు సాక్ష్యమని అచ్చట అంగీకరించిరి. లిఖితస్వరము గల కృతికే ఇంత విచారణ అవసరమైనచో, స్వరలేఖనమే లేని మన కీర్తనకు ఎంత అవసరము!

చౌదరిగారి పదసంపదను విచారింపక కీర్తన నర్థముచేసికొనజాలమన్న మాట నిజమే. అయినను ఆ పదములను నిలిపినది నాదము. ఆ నాదమును నిలిపినవారు వాద్యకారులు. మెదకు మహాదేవాలయము ప్రతిష్ఠింపబడిన 1924 నుండి నేటి కీబోర్డు వఱకు తెలుగు క్రైస్తవ సంగీతచరిత్ర మంతయు వీరి వ్రేళ్లచేతనే రచింపబడినదని నా సిద్ధాంతము. కావున రాబోవు పరిష్కరణమున పైన సంఘము పాడు స్వరపాఠము, అడుగున లూథరన్, బాప్టిస్టు, వెస్లియన్ పాఠభేదములు, ప్రతి పాఠమునకును అది సేకరింపబడిన ఊరు, తేదీ ఉండవలెను. ముఖపత్రమున సంపాదకుని పేరు సరసన వాద్యకారుని పేరును అచ్చుపడవలెను.