తిరుక్కడైయూరు షష్టిపూర్తికి వెళ్లేవారు చూడదగిన తరంగంబాడి

తమిళనాడులోని మయిలాడుదురై జిల్లాలో, బంగాళాఖాతపు ఒడ్డున ఉన్న చిన్న పట్టణం తరంగంబాడి. దీనికి సుమారు 8 కిలోమీటర్ల దూరంలోని తిరుక్కడైయూరు అమృతఘటేశ్వరాలయం షష్టిపూర్తి వివాహాలకు ప్రసిద్ధి. మార్కండేయుని కాపాడేందుకు శివుడు యముణ్ని తన్నిన క్షేత్రమని ప్రతీతి. అందుకే అరవై నిండినవారు షష్ట్యబ్దపూర్తిని, డెబ్బై నిండినవారు భీమరథ శాంతిని, ఎనభై దాటినవారు శతాభిషేకాన్ని ఇక్కడ జరుపుకొంటారు. తెలుగు రాష్ట్రాల నుంచి కూడా కుటుంబాలు వస్తుంటాయి.

తంతు ఉదయమే మొదలై మధ్యాహ్న భోజనంతో ముగుస్తుంది. రాత్రి రైలుకు మయిలాడుదురై చేరేలోగా బంధువులకు ఒక పూట మిగులుతుంది. ఆ పూటకు తరంగంబాడి సరిగ్గా సరిపోతుంది.

ఊరి పేరుకు ‘అలలు పాడే చోటు’ అని అర్థం చెప్పడం పరిపాటి. వినడానికి ఇంపుగా ఉన్నా, తమిళ ఊళ్ల పేర్ల చివర వచ్చే ‘పాడి’కి అర్థం నివాసస్థలం, పాటతో దానికి సంబంధం లేదు. పాత శాసనంలో ఈ ఊరు ‘సడంగన్‌పాడి’గా కనిపిస్తుంది.

సముద్రానికి ఎదురుగా నిలిచిన డాన్స్‌బోర్గ్ కోట ఇక్కడి ప్రధాన ఆకర్షణ. 1620లో తంజావూరు నాయక రాజు రఘునాథుడు డేనిష్ వారికి ఇక్కడ వర్తకానికి, కోట కట్టుకోవడానికి అనుమతి ఇచ్చాడు. ఈ రఘునాథుడు తెలుగు సాహిత్య విద్యార్థులకు తెలిసినవాడే; స్వయంగా తెలుగు కావ్యాలు రచించిన కవి. డెన్మార్కు రాజు నాల్గవ క్రిస్టియన్‌కు ఆయన బంగారు రేకుపై రాయించి పంపిన లేఖ నేటికీ కోపెన్‌హాగన్‌లోని జాతీయ దస్తావేజుల భాండాగారంలో భద్రంగా ఉంది. 1845లో డేనిష్ వారు ఈ స్థావరాన్ని, బెంగాల్‌లోని సేరంపూర్‌తో కలిపి, పన్నెండున్నర లక్షల రూపాయలకు ఆంగ్లేయులకు అమ్మివేశారు. కోటలో ఇప్పుడు పురావస్తు ప్రదర్శనశాల ఉంది.

కోట నుంచి ఊరి ముఖద్వారం వరకు సాగే రాజవీధిని నడిచి చూడటమే మేలు. 1701 నాటి జియోన్ చర్చి, 1718లో కట్టిన న్యూ జెరూసలెం చర్చి ఈ వీధిలోనే ఉన్నాయి. 1706 జులైలో ఇక్కడ దిగిన జర్మన్ మతప్రచారకుడు బర్తలోమియస్ సీగెన్‌బాల్గ్ సమాధి రెండో చర్చిలో ఉంది. తమిళం నేర్చుకొని, ముద్రణాలయం నెలకొల్పి, 1715 నాటికి తమిళంలో కొత్త నిబంధనను అచ్చువేయించిన వ్యక్తి ఆయన. ఆ మిషన్‌కే చెందిన బెంజమిన్ షుల్జ్ తర్వాత మద్రాసు చేరి తెలుగు నేర్చుకున్నాడు. 1740లలో జర్మనీలోని హాలే నగరంలో ఆయన అచ్చువేయించినవే తొలి తెలుగు ముద్రిత పుస్తకాలుగా పేరొందాయి. తెలుగు అచ్చు చరిత్రలో ఒక కొస ఈ వీధిలో ఉందన్న సంగతి తెలిసి వచ్చేవారు తక్కువ.

కోటకు ఉత్తరాన, తీరంలోనే ఉన్న మాసిలామణినాథాలయాన్ని మాత్రం విడిచిపెట్టరాదు. పద్నాలుగో శతాబ్దపు తొలినాళ్లలో, పాండ్యరాజు మారవర్మన్ కులశేఖరుని కాలంలో వెలసిన ఈ ఆలయ ముందుభాగాన్ని సముద్రం కబళించింది. మిగిలిన భాగానికి తర్వాత మరమ్మతులు జరిగాయి. కోతను ఆపేందుకు తీరం వెంట పెద్ద బండరాళ్లు పేర్చారు. 2004 డిసెంబరు 26 నాటి సునామీ ఈ ఊరి మత్స్యకార కుటుంబాలలో ఎందరినో బలిగొన్నది. ఆ రాళ్ల మీదుగా నీటిలోకి దిగే సాహసం, ముఖ్యంగా పిల్లలతో, చేయకూడదు.

సమయం ఉంటే దక్షిణాన కారైకాల్, దాని సమీపంలోని తిరునల్లారు శనీశ్వరాలయం, ఉత్తరాన కావేరి సముద్రంలో కలిసే పూంపుహార్ చూడవచ్చు. ఒక్క పూటలో అన్నీ చుట్టి రావాలనుకుంటే ఏదీ చూసినట్టుండదు.

తమిళనాడు ఆలయాలు సాధారణంగా మధ్యాహ్నం మూసి సాయంత్రం నాలుగు గంటల ప్రాంతంలో తెరుస్తారు. కాబట్టి భోజనానంతరం ముందుగా కోట, తర్వాత రాజవీధి, చివరగా మాసిలామణినాథాలయం చూడటం అనుకూలం. తూర్పు తీరం కావడంతో ఇక్కడ సూర్యాస్తమయం సముద్రంపై కనిపించదు. ఆ వేళ ఎండ కోట వెనుకకు వాలి, ఒడ్డున నీడ పరుచుకుంటుంది. షష్టిపూర్తి దంపతుల వయసువారు కూర్చోవడానికి అదే అనువైన సమయం.