శ్రీశ్రీ పుస్తకాలెన్ని?

శాఖా గ్రంథాలయం. ఊరి పేరు మీకు నచ్చింది పెట్టుకోండి. మధ్యాహ్నం మూడు దాటింది. పేపర్లు చదివేవాళ్లు లేచి వెళ్లిపోయారు. పోటీ పరీక్షల పిల్లలు కిటికీ పక్క బల్ల దగ్గర తలలు వంచుకుని కూర్చున్నారు. మీరు లైబ్రేరియన్ గారి టేబుల్ మీది కంప్యూటర్ ముందున్నారు. ఆయన బీరువా తాళాలు వేలికి తగిలించుకుని మీ వెనకే నిలబడ్డారు.

"శ్రీశ్రీవి మన దగ్గర ఎన్ని పుస్తకాలున్నాయో కాస్త చూసి చెప్పండి. నేను లెక్కపెట్టినప్పుడల్లా ఒక్కో అంకె వస్తోంది."

కేటలాగు ఎక్సెల్‌లో ఉంది. ఏళ్ల తరబడి ఎవరెవరో టైపు చేస్తూ వచ్చారు. దాన్ని మీరు ట్యాబ్‌లతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలుగా సేవ్ చేశారు. కామా ఎందుకు వద్దంటే, పుస్తకాల పేర్లలో కామాలుంటాయి. వరసకో పుస్తకం: నంబరు, పేరు, రచయిత, సంవత్సరం. ఇప్పుడు లైనక్స్ టెర్మినల్ తెరిచారు. నల్లటి తెర, ఆగి ఆగి మెరిసే చిన్న గుర్తు. ఆదేశాల పేర్లు ఇక్కడ తెలుగులో కనిపిస్తున్నా, కీబోర్డు మీద కొట్టేది ఇంగ్లిషు చిన్నక్షరాల్లోనే.

ముందు సీపీ అని కొట్టి ఫైలుకు నకలు తీయండి. ఆ తర్వాతే మిగతావి.

మనకు కావలసింది మూడో గడి, అంటే రచయిత. కట్ -ఎఫ్3 అని కొట్టి పక్కన ఫైలు పేరు ఇవ్వండి. విడిగా చెప్పకపోతే కట్ ట్యాబ్‌నే సరిహద్దుగా తీసుకుంటుంది కాబట్టి ఇంతే చాలు. ఎంటర్ నొక్కగానే పేర్లు జలజలా తెర మీదుగా పరుగెత్తాయి. ఒక్కటీ చదవడానికి లేదు. పైకి వెళ్లే బాణం నొక్కితే పాత ఆదేశం మళ్లీ వచ్చింది. దాని చివర ఒక నిలువు గీత పెట్టి హెడ్ అని చేర్చండి. ఈసారి పది పేర్లే వచ్చాయి: చలం, రంగనాయకమ్మ, యద్దనపూడి సులోచనారాణి... మీరు అడిగిన గడే వచ్చిందని కంటితో చూశారు. అది చూశాకే తర్వాతి ముక్క చేర్చాలి. కమాండ్ లైన్ నేర్చుకోవడంలో నేను అన్నిటికంటే ముందు పెట్టే అలవాటు ఇదే.

ఆ నిలువు గీత పేరు పైప్. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డగ్ మెక్‌ఇల్‌రాయ్ 1964లోనే ఒక కాగితం మీద తన కోరిక రాసుకున్నాడు: తోటకు నీళ్లు పట్టే గొట్టానికి ఇంకో ముక్క బిగించినట్టు ఒక ప్రోగ్రాముకు ఇంకో ప్రోగ్రామును తగిలించే వీలుండాలని. ఏళ్లపాటు అడుగుతూనే ఉన్నాడు. 1973లో కెన్ థాంప్సన్ ఒక్క రాత్రి కూర్చుని దాన్ని లైనక్స్‌కు పూర్వరూపమైన యూనిక్స్‌లో పెట్టేశాడు. ఇప్పుడు మీ వేలి కింద ఉన్నది ఆ పైపే.

హెడ్ తీసేసి యునిక్ -సి తగిలించండి. ఒకే పేరు వరసలను కలిపి, ఎన్ని ఉన్నాయో ముందు అంకె వేసి చూపిస్తుంది. కానీ చూడండి, చలం పైనొకసారి, కిందొకసారి, మధ్యలో ఇంకోసారి కనిపిస్తున్నాడు. యునిక్ పక్కపక్కనున్న వరసలనే పోల్చుతుంది. దూరంగా ఉన్నవాటి సంగతి దానికి తెలియదు. అందుకని మధ్యలో సార్ట్ రావాలి. చివర అంకెల ప్రకారం పెద్దది పైకి వచ్చేలా మరో సార్ట్.

కట్ -ఎఫ్3 పుస్తకాలు | సార్ట్ | యునిక్ -సి | సార్ట్ -ఆర్ఎన్

తెర నిలకడగా ఆగింది. లైబ్రేరియన్ గారు ముందుకు వంగారు. 31 శ్రీశ్రీ. కాస్త కిందికి వెళితే 6 శ్రీ శ్రీ, మధ్యలో ఖాళీతో. ఇంకా కింద 2 శ్రీశ్రీ. ఈ రెండు పుస్తకాల శ్రీశ్రీకి, పైనున్న ముప్ఫై ఒక్క పుస్తకాల శ్రీశ్రీకి కంటికి ఇసుమంత తేడా లేదు. అయినా యంత్రం విడిగా లెక్కపెట్టింది.

ఇక్కడ తొందరపడకండి. ఆ రెంటిలో ఒక వరసను, మాటను వెతికి ఇచ్చే గ్రెప్‌తో పట్టి, పేరు మాత్రం తీసి, డబ్ల్యూసీ -సి కి ఇచ్చి బైట్లు లెక్కించండి. మామూలు శ్రీశ్రీకి వరస ముగింపుతో కలిపి 25 వచ్చింది. దీనికి 28. మూడు బైట్లు ఎక్కువ. శ్రీ అంటే యంత్రానికి శ, పొల్లు, ర, దీర్ఘ గుడి అనే నాలుగు సంకేతాలు. ఈ సంకేతాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు, అంటే ఒక శ్రీకి 12, రెండింటికి 24. ఇప్పుడు ఎక్స్‌ఎక్స్‌డితో బైట్లను విప్పి చూడండి. తెలుగు సంకేతం ప్రతిదీ ఈ0తో మొదలవుతుంది. రెండు శ్రీల మధ్య మాత్రం ఈ2 80 8సి. వెడల్పు లేని విడదీత గుర్తు, ఎవరి కీబోర్డు నుంచో జారిపడి, ఇన్నాళ్లూ కనిపించకుండా కూర్చుంది.

ఈ యూటీఎఫ్-8ను గీసింది కూడా ఆ థాంప్సనే. 1992 సెప్టెంబరులో న్యూజెర్సీలో ఒక భోజనశాలలో రాబ్ పైక్‌తో కూర్చుని, పళ్లెం కింద పరిచే కాగితం మీద దాని కూర్పు వేశాడు. పాత యూనిక్స్ పనిముట్లు తెలియని లిపిని కూడా చెడగొట్టకుండా మోసేలా దాన్ని అమర్చారు. సార్ట్‌కు తెలుగు రాదు. అయినా మన పేర్లన్నీ చెక్కుచెదరకుండా దాని గుండా వెళ్లి వచ్చాయి. నాకు ఇది ఇప్పటికీ అబ్బురమే. ఒక్కటి గమనించండి. బైట్ల వరసలో పేర్చమంటే ళ వచ్చి ల పక్కన, వ కంటే ముందు కూర్చుంటుంది. బడిలో నేర్చుకున్న అక్షరమాలలో దాని చోటు హ తర్వాత.

ఆ కనిపించని గుర్తును ఫైలంతటా తుడిచేద్దామనిపిస్తుంది. వద్దు. సాఫ్ట్‌వేర్ అనే మాటలో ట కింద వకారం వత్తుగా వేలాడకుండా ఆపేది అదే. ఆ రెండు వరసల్లో మాత్రం తీసేయండి.

ఖాళీ ఉన్న ఆరింటిని సెడ్‌తో మార్చవచ్చు: శ్రీ శ్రీ ఉన్నచోటల్లా శ్రీశ్రీ పెట్టమనడమే. కానీ మార్చేముందు అదే మాటను గ్రెప్‌కు ఇచ్చి ఏవేవి తగులుతాయో చూడండి. ఆరు రావాలి, తొమ్మిది వచ్చాయి. మిగతా మూడూ పీఠాధిపతుల ప్రవచనాలు! స్వామివారి పేరుకు ముందు శ్రీ శ్రీ శ్రీ ఉంది. సెడ్‌ను అలాగే వదిలి ఉంటే ఆ బిరుదులు మహాకవి పేరుతో అతుక్కుపోయేవి. ముందూ వెనకా ట్యాబ్ ఉన్న శ్రీ శ్రీ అయితేనే మార్చమని చెప్పండి. మళ్లీ గ్రెప్. ఆరే.

ఫలితాన్ని ఫైలులోకి పంపడానికి మీరు కుడివైపు బాణం గుర్తు వేసి, అదే ఫైలు పేరు కొట్టారు. ఎంటర్ మీదికి వెళ్తున్న వేలు ఆపండి! సెడ్ చదవడం మొదలుపెట్టకముందే, మీ ఆదేశాలను అందుకుని నడిపే షెల్ ఆ ఫైలును ఖాళీ చేసేస్తుంది. కేటలాగు మొత్తం సున్నా బైట్లయిపోతుంది. కొత్త పేరు ఇవ్వండి. డిఫ్‌తో పాతదీ కొత్తదీ పక్కన పెట్టి చూశాక నిదానంగా పేరు మార్చుకోవచ్చు.

"ముప్ఫై తొమ్మిది," అన్నారు మీరు.

ఆయన తల అడ్డంగా ఊపారు. "శ్రీరంగం శ్రీనివాసరావు అని కూడా వెతికి చూడండి. పాతవాళ్లు అసలు పేరే రాసేవాళ్లు."

గ్రెప్ కొట్టారు. ఒకటి దొరికింది. నలభై. ఈ రెండు పేర్లూ ఒకే మనిషివని ఏ పైపూ కనిపెట్టి ఉండేది కాదు. పుస్తకాలతో బతికిన మనిషి పక్కన ఉన్నారు కనుక లెక్క తేలింది. ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లలకు ముందుగా ఇలాంటి ఫైలూ, ఇలాంటి మనిషీ దొరకాలని నేను గట్టిగా కోరుకుంటాను. ఎవరికీ అక్కరలేని లెక్కల మీద నేర్చిన ఆదేశం పరీక్ష అయ్యేసరికి మరపున పడుతుంది.

ఆయన కుర్చీ లాక్కుని మీ పక్కన కూర్చున్నారు. "అయితే ఒక్కసారి కూడా ఎవరూ తీసుకెళ్లని పుస్తకాలేవో తెలుస్తాయా?"

తెలుస్తాయి. కేటలాగు నంబర్లు ఒక ఫైలు, ఇచ్చిన పుస్తకాల రిజిస్టరులోని నంబర్లు ఇంకో ఫైలు. రెండింటినీ సార్ట్ చేసి, రెండోదానికి -యు చేర్చి పునరుక్తులు తీసేశారు. తర్వాత కామ్ -23. మొదటి ఫైలులో మాత్రమే ఉన్న వరసలు తెర మీదకు దిగడం మొదలైంది. నంబరు కింద నంబరు.

"ఉత్త నంబర్లేనా? పక్కన పేర్లు కూడా వస్తే బీరువాలో వెతకడం సులువు."

దానికి జాయిన్ ఉంది. దానికీ రెండు ఫైళ్లూ సార్ట్ అయి ఉండాలి, సరిహద్దు ట్యాబ్ అని విడిగా చెప్పాలి. మ్యాన్ జాయిన్ అని కొట్టి, మొదటి పేరా ఆయనకు కూడా వినపడేలా చదవండి.